అమెరికా క్యాంపస్‌లో పాలస్తీనా నిరసనలకు వెళ్తున్న మా అమ్మాయికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయి న్యూయార్క్‌లో బయోస్టాటిస్టిక్స్‌లో ఎంఎస్ చేస్తోంది. రెండో సెమిస్టర్. ఎఫ్-1 వీసా. ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకుని పంపించాం. గాజా యుద్ధం మీద క్యాంపస్‌లో జరిగే నిరసనలకు వెళ్తోందని, ఏదో పిటిషన్ మీద సంతకం కూడా పెట్టిందని తన రూమ్మేట్ వాళ్ల అమ్మ ద్వారా తెలిసింది. అడిగితే దాచలేదు. ‘నేను తప్పేం చేయట్లేదు నాన్నా’ అంది. మనకి సంబంధం లేని గొడవ ఎందుకమ్మా అన్నాను, ఆ రోజు నుంచి సరిగా మాట్లాడటం లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినవన్నీ తీసేయమని చెప్పాలా? రేపు ఉద్యోగం వస్తుందా? వేసవి సెలవులకి ఇంటికి వస్తానంటోంది, రావచ్చా? మా అబ్బాయి కూడా వచ్చే ఏడాది అమెరికాకే అప్లై చేస్తున్నాడు, వాడి వీసాకి ఇబ్బంది అవుతుందా?
– ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: మీ భయం అనవసరమైనది కాదు. రెండు మూడేళ్ల క్రితం ఇదే ప్రశ్న వచ్చి ఉంటే, రూల్స్ పాటిస్తూ పాల్గొంటే ఏమీ కాదని చెప్పి ఊరుకునేదాన్ని. 2025 తర్వాత అలా చెప్పలేను. అయినా సరే, ‘వెంటనే మానేయ్’ అని మాత్రం అనకండి. పాతికేళ్ల పిల్ల. మీరు గట్టిగా అంటే తను వెళ్లడం మానకపోవచ్చు, మీకు చెప్పడం మాత్రం మానేస్తుంది. నిజంగా ఏదైనా ఇబ్బంది వస్తే మొదటి ఫోన్ మీకు రావాలి. ఆ దారి మూసుకోకండి.

‘సంబంధం లేని గొడవ’ అన్న మాట తనని బాధపెట్టి ఉంటుంది. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది చనిపోయారు, దాదాపు 250 మందిని బందీలుగా తీసుకుపోయారు. ఆ తర్వాత గాజాలో జరిగిన యుద్ధంలో పదుల వేలమంది చనిపోయారు, వాళ్లలో పిల్లలు వేలల్లో ఉన్నారు. గాజాలోని యూనివర్సిటీల భవనాలు కూలిపోయాయి. రోజూ ఫోన్‌లో ఇవన్నీ చూస్తున్న అమ్మాయికి, అందులోనూ ప్రజారోగ్యం లెక్కలు చదువుకుంటున్న అమ్మాయికి, మనసు కదలడం సహజం. పైగా అక్కడి విద్యార్థులు అడుగుతున్నది యుద్ధం ఆపమని మాత్రమే కాదు. యూనివర్సిటీల దగ్గర వేల కోట్ల నిధులు ఉంటాయి, వాటిని షేర్లలో పెడతారు. ఇజ్రాయెల్ సైన్యంతో వ్యాపారం చేసే కంపెనీల నుంచి ఆ పెట్టుబడులు వెనక్కి తీసుకోమని అడుగుతున్నారు. ఇది కొత్త డిమాండ్ కాదు. 1985లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ విద్యార్థులు హామిల్టన్ హాల్ అనే భవనం గుమ్మం దగ్గర మూడు వారాలు బైఠాయించారు, అదే ఏడాది వర్ణవివక్ష పాలన నడిచిన దక్షిణాఫ్రికాతో వ్యాపారం చేసే కంపెనీల షేర్లు అమ్మేయాలని యూనివర్సిటీ నిర్ణయించింది. మన దగ్గర 1969లోనూ 2009లోనూ ఉస్మానియా పిల్లలు రోడ్డెక్కినప్పుడు వాళ్ల తల్లిదండ్రులు కూడా మీలాగే నిద్రపోలేదు.

కానీ ఉస్మానియా విద్యార్థికి, మీ అమ్మాయికి ఒక పెద్ద తేడా ఉంది. ఇక్కడ కేసు పడితే పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ దగ్గరో ప్రభుత్వ ఉద్యోగం దగ్గరో చిక్కు వస్తుంది, దేశంలో ఉండే హక్కు పోదు. తనతో పాటు నిరసనలో పక్కన నిలబడ్డ అమెరికన్ క్లాస్‌మేట్‌కి కూడా ఆ హక్కు పోదు. మీ అమ్మాయికి పోవచ్చు. ఇద్దరూ చేసే పని ఒకటే అయినా, మోసే బరువు ఒకటి కాదు. ఈ మాట తన స్నేహితులు తనకి చెప్పరు, ఎందుకంటే చాలామందికి తెలియదు. తండ్రిగా మీరు చెప్పాల్సింది ఇదే.

ఇప్పుడు అసలు విషయం. వీసా వేరు, స్టేటస్ వేరు. పాస్‌పోర్ట్‌లో స్టాంప్ వేసిన వీసా ఆ దేశంలోకి వెళ్లడానికి. లోపల ఉండి చదువుకోవడానికి కావలసింది ఎఫ్-1 స్టేటస్, అది సెవిస్ అనే ప్రభుత్వ కంప్యూటర్ రికార్డు మీద నడుస్తుంది. ఆ రికార్డు యాక్టివ్‌గా ఉండాలంటే ఫుల్‌టైమ్ చదువుతూ ఉండాలి. యూనివర్సిటీ క్రమశిక్షణ చర్య కింద సస్పెండ్ చేస్తే చదువు ఆగుతుంది, చదువు ఆగితే సెవిస్ రికార్డు మూసేస్తారు, అది మూసేస్తే దేశం వదిలి వెళ్లాలి. అమెరికన్ విద్యార్థి ఒక సెమిస్టర్ సస్పెన్షన్ అయితే ఇంటికెళ్లి పార్ట్‌టైమ్ పని చేసుకుని తిరిగి వస్తాడు. మీ అమ్మాయికి అదే సస్పెన్షన్ అంటే ఓపీటీ (చదువయ్యాక అక్కడే కొంతకాలం పని చేసుకునే అనుమతి) లేదు, లోన్ తీర్చే దారి లేదు. అందుకే నేను పోలీసుల కంటే యూనివర్సిటీ కండక్ట్ ఆఫీసుకే ఎక్కువ భయపడతాను.

కొలంబియాలో ఏం జరిగిందో చూడండి. 2024 ఏప్రిల్ 17న విద్యార్థులు లాన్‌లో టెంట్లు వేశారు. మర్నాడే పోలీసులు వచ్చి వందమందికి పైగా అరెస్ట్ చేశారు. ఏప్రిల్ 30 రాత్రి హామిల్టన్ హాల్‌ని ఆక్రమించినవాళ్లని బయటికి లాగారు. ఆ భవనంలో పట్టుబడిన 46 మందిలో 31 మంది మీద కేసులను జూన్‌లో ప్రాసిక్యూటర్లు ఉపసంహరించుకున్నారు. అంతటితో అయిపోయిందనుకున్నారు చాలామంది. కానీ 2025 మార్చిలో యూనివర్సిటీ తన సొంత క్రమశిక్షణ విచారణలో హామిల్టన్ హాల్ విషయంలో బహిష్కరణలు, ఏళ్ల తరబడి సస్పెన్షన్లు ప్రకటించింది. కొందరి డిగ్రీలు కూడా తాత్కాలికంగా రద్దు చేసింది. అదే ఏడాది మేలో లైబ్రరీలో జరిగిన నిరసన తర్వాత 70 మందికి పైగా విద్యార్థుల మీద చర్య తీసుకుంది. కోర్టు వదిలేసినా కాలేజీ వదలకపోవచ్చు.

అందుకని మీ అమ్మాయి తన యూనివర్సిటీ నిరసన నియమాలు కూర్చుని చదవాలి. చాలాచోట్ల 2024 తర్వాత వాటిని మార్చారు. ఎక్కడ నిలబడవచ్చు, ఏ టైమ్ వరకు, టెంట్ వేయవచ్చా, ముందస్తు అనుమతి కావాలా అన్నీ అందులో రాసి ఉంటాయి. అనుమతి ఉన్న సభ వేరు, భవనంలో బైఠాయించడం వేరు. పోలీసులు ‘వెళ్లిపోండి’ అని ప్రకటించాక అక్కడ ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. ఫొటో తీసుకోవడానికి కూడా ఆగొద్దు.

అరెస్ట్ గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. వీసా ఫారం డీఎస్-160లో అడిగేది ‘శిక్ష పడిందా’ అని మాత్రమే కాదు, ‘ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా’ అని కూడా. కేసు కొట్టేసినా, క్షమించి వదిలేసినా ‘అవును’ అనే రాయాలి. గ్రీన్‌కార్డ్ ఫారంలో కూడా ఈ ప్రశ్న వస్తుంది. కొలంబియాలోనే అర్బన్ ప్లానింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న మన దేశపు విద్యార్థిని గురించి పేపర్లలో చదివే ఉంటారు. 2024 ఏప్రిల్ 30న గుంపులో చిక్కుకుని సమన్లు అందుకుంది. ఇంటికి వెళ్తూ అక్కడ ఇరుక్కున్నానని ఆమె చెప్పింది. ఆ సమన్లు కొట్టేశారు కూడా. వీసా రెన్యువల్‌లో ఆ విషయం చెప్పలేదని అమెరికా ప్రభుత్వం తప్పుపట్టింది. 2025 మార్చి 5న వీసా రద్దయింది, వారం తిరగకముందే ఆమె దేశం వదిలిపోయింది. కాబట్టి మీ అమ్మాయికి ఇప్పటికే సమన్లో, టికెట్టో ఏదైనా ఇచ్చి ఉంటే, చిన్నదే కదా అని వదిలేయకుండా ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించాలి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకి ఉచిత లీగల్ సర్వీస్ ఉంటుంది. అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో ఉండే డీఎస్‌ఓ మంచివారే అయి ఉండొచ్చు, కానీ సెవిస్‌లో నమోదు చేసేది వాళ్లే. ముందు లాయర్, ఆ తర్వాత డీఎస్‌ఓ.

రూల్స్ అన్నీ పాటిస్తే చాలా అంటే, చాలదు. నన్ను నిజంగా బాధపెట్టేది ఈ భాగమే. టఫ్ట్స్ యూనివర్సిటీలో టర్కీకి చెందిన పీహెచ్‌డీ విద్యార్థిని రుమేసా ఓజ్‌టర్క్ మరో ముగ్గురితో కలిసి కాలేజీ పత్రికలో ఒక వ్యాసం రాసింది. 2025 మార్చి 25న మఫ్టీలో ఉన్న ఏజెంట్లు రోడ్డు మీద ఆమెని పట్టుకుని లూసియానా నిర్బంధ కేంద్రానికి తీసుకుపోయారు. ఆరు వారాలకి పైగా ఉంచాక మే 9న కోర్టు ఆదేశంతో విడుదలైంది. కొలంబియాకి చెందిన మహ్మూద్ ఖలీల్‌కి గ్రీన్‌కార్డే ఉంది, అయినా మార్చి 8 నుంచి జూన్ 20 వరకు నిర్బంధంలో ఉన్నాడు, కొడుకు పుట్టినప్పుడు కూడా బయటికి రానివ్వలేదు. ఈ విధానం రాజ్యాంగంలోని వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని, చట్టబద్ధంగా ఉన్న విదేశీయులకి కూడా ఆ హక్కు ఉందని బోస్టన్ ఫెడరల్ జడ్జి విలియం యంగ్ 2025 సెప్టెంబర్ 30న తీర్పు చెప్పారు. చాలా గట్టి తీర్పు. న్యాయం మీ అమ్మాయి వైపే ఉండొచ్చు. అయితే తీర్పు రావడానికి నెలలు పడుతుంది, ఈలోగా సెమిస్టర్ ఆగదు, ఈఎంఐ ఆగదు. లక్షల మంది విదేశీ విద్యార్థుల్లో ఇలా చిక్కుకున్నవాళ్లు కొద్దిమందే. ఆ కొద్దిమందిలో తను ఉండకపోవచ్చు, ఉండదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇది తెలిశాక కూడా వెళ్తానంటే అది తన నిర్ణయం, దాన్ని గౌరవించండి. తెలియక వెళ్లకూడదు, అంతే.

ఇంకొక మాట కూడా తనతో మాట్లాడండి. హమాస్‌ని అమెరికా 1997 నుంచి ఉగ్రవాద సంస్థల జాబితాలో పెట్టింది. ఆ సంస్థ జెండా, దాని నాయకుల ఫొటోలు, అక్టోబర్ 7ని మెచ్చుకునే పోస్టర్లు ఉన్న చోట మీ అమ్మాయి నిలబడకూడదు. వీసా కోసమే కాదు, అది తప్పు కూడా. ఆ క్యాంపస్‌లోనే బంధువులని పోగొట్టుకున్న యూదు విద్యార్థులు ఉంటారు, తమ మతం చూసి తిట్టారని, భయపడుతూ తిరుగుతున్నామని చెప్పినవాళ్లూ ఉన్నారు. 2023 నవంబర్‌లో వెర్మాంట్‌లో ముగ్గురు పాలస్తీనా మూలాలున్న విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి, అందులో ఒకరికి ఛాతీ కింది నుంచి చచ్చుబడిపోయింది. కొలంబియా టెంట్ల మధ్య యూదు విద్యార్థులు తమ పాస్ఓవర్ పండుగ భోజనం చేశారు. రెండు పక్కలా పిల్లలే ఉన్నారు. ఏ నినాదం ప్రభుత్వం మీద, ఏ నినాదం పక్కన కూర్చునే క్లాస్‌మేట్ మీద అని తను ప్రతిసారీ చూసుకోవాలి.

ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్ తీసేయమనకండి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాకి అప్లై చేసేవాళ్లు సోషల్ మీడియా ప్రొఫైల్స్ పబ్లిక్‌లో పెట్టాలని అడుగుతున్నారు. డీఎస్-160లో గత ఐదేళ్లలో వాడిన అకౌంట్ల పేర్లన్నీ రాయాలి. ఉన్నదాన్ని దాస్తే అది అబద్ధం కిందికి వస్తుంది, అబద్ధం చెప్పారన్న కారణంతో వీసా శాశ్వతంగా పోయే అవకాశం ఉంది. పాత పోస్టుల్లో ఆవేశంలో పెట్టినవి ఏవైనా తనకే ఇప్పుడు తప్పనిపిస్తే తీసేయడం వేరు, అది తన ఇష్టం. ఇక మీదట మాత్రం ఇతరుల ఫొటోలు, పేర్లు, సభ ఎక్కడో చెప్పే పోస్టులు పెట్టకపోవడం మంచిది, తనకే కాదు వాళ్లకీ.

ఉద్యోగం విషయం క్లుప్తంగా. 2023 అక్టోబర్‌లో కొన్ని పెద్ద లా సంస్థలు ఇజ్రాయెల్‌ని తప్పుపట్టే ప్రకటనలతో ముడిపడ్డ విద్యార్థుల ఆఫర్లు వెనక్కి తీసుకున్నాయి. 2024 ఏప్రిల్‌లో, ఇజ్రాయెల్‌తో కాంట్రాక్టుకి నిరసనగా తన ఆఫీసుల్లో బైఠాయించిన ఉద్యోగులని గూగుల్ తీసేసింది. మీ అమ్మాయి వెళ్లబోయే ఫార్మా, హాస్పిటల్ రీసెర్చ్ రంగంలో ఇంటర్వ్యూలో సాస్, ఆర్ లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్లు, క్లినికల్ ట్రయల్స్ గురించి అడుగుతారు, పిటిషన్ల గురించి కాదు. నా అంచనాలో తనకి ఉద్యోగం దగ్గర రిస్క్ తక్కువ, ఇమిగ్రేషన్ దగ్గర ఎక్కువ. గాజా కోసం ఏదైనా చేయాలన్న తపన ఉంటే తన చదువే దానికి పనికొస్తుంది. యుద్ధంలో మరణాలు ఎలా లెక్కిస్తారు, ఆకలి స్థాయి ఎలా కొలుస్తారు అన్నది అచ్చంగా తన సబ్జెక్టు. థీసిస్ గైడ్‌తో మాట్లాడమనండి. నిరసన మానిపించడానికి వేసిన ఎత్తులాగా కాకుండా, నిజంగా ఆసక్తితో అడగండి.

వేసవి ప్రయాణం: ఇంతవరకు అరెస్ట్, సమన్లు, కండక్ట్ నోటీసు ఏవీ లేకపోతే, వీసాకి గడువు ఉంటే, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) మీద డీఎస్‌ఓ ట్రావెల్ సంతకం చేయించుకుని రావచ్చు. వాటిలో ఏ ఒక్కటి ఉన్నా లాయర్‌ని అడగకుండా టికెట్ కొనొద్దు, ఎందుకంటే లోపల ఉన్నంతకాలం వీసా రద్దయినా వాదించుకునే అవకాశం ఉంటుంది, బయటికి వచ్చాక తిరిగి వెళ్లే దారే ఉండకపోవచ్చు. ఎయిర్‌పోర్టులో అధికారులు ఫోన్ చూడవచ్చు, అది వాళ్ల అధికారంలో ఉంది. లాయర్ నంబర్ ఫోన్‌లోనే కాకుండా కాగితం మీద రాసి పెట్టుకోమనండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

మీ అబ్బాయి వీసాని హైదరాబాద్ కాన్సులేట్ వాడి సొంత ఫారం, వాడి సొంత అకౌంట్లు చూసి నిర్ణయిస్తుంది. అమెరికాలో దగ్గరి బంధువులు ఎవరున్నారని అడుగుతారు, అక్క ఉందని, ఎఫ్-1 మీద చదువుతోందని ఉన్నది ఉన్నట్టు రాయాలి. అక్క ఒక సభకి వెళ్లిందన్న కారణంతో తమ్ముడికి వీసా నిరాకరించే రూలేమీ లేదు. ఇప్పుడే వాడి పాత అకౌంట్ల లిస్టు ఒక కాగితం మీద రాయించండి, స్కూల్లో తెరిచి మర్చిపోయినవి కూడా.