సముద్రం వద్దు, తువ్వాలు చాలు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా కాలనీవాళ్ళం పదకొండుమంది కలిసి నలభై అయిదు నిమిషాల నాటిక వేస్తున్నాం. హుద్‌హుద్ తుపాను రోజున విశాఖ జాలారిపేటలో ఒక ఇంట్లో జరిగే కథ. తెప్పని గట్టిగా కట్టి వస్తానని వెళ్ళిన కొడుకు కోసం తల్లీ, కోడలూ ఎదురుచూస్తుంటారు. చివర్లో అతను తల్లికి కనబడతాడు. పిఠాపురం కాలనీ కళాభారతిలో ప్రదర్శన. సెట్‌కి మా దగ్గర పన్నెండు వేలున్నాయి. వెనకాల సముద్రం బొమ్మతో ఫ్లెక్స్ కొట్టిద్దామని కొందరు, ఎల్‌ఈడీ తెర అద్దెకు తెద్దామని కొందరు, నిజం తెప్పనే స్టేజీ ఎక్కిద్దామని ఇంకొందరు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, మూడూ వద్దు. ఫ్లెక్స్ మీద లైటు పడితే తళతళా మెరుస్తుంది. చూసేవాళ్ళకి సముద్రం కనబడదు, మెరుపు మరక కనబడుతుంది. ఎల్‌ఈడీ తెర వెలుగు ముందు మీ తల్లి పాత్ర మొహం నల్లబడిపోతుంది. తెప్ప ఎక్కించారంటే నటులకి నిలబడే చోటుండదు.

ముప్పై ఏళ్ళ కిందట ఒక నాటకానికి నేనూ సముద్రం గీశాను. ఇరవై అడుగుల గుడ్డ, తొమ్మిది రాత్రుల పని. ప్రదర్శన రోజున ఉక్కపోస్తోందని ఎవరో వింగులో, అంటే స్టేజీ పక్కన జనానికి కనబడని చోట, ఫ్యాను పెట్టారు. సరిగ్గా చావు సన్నివేశంలో ఆ సముద్రమంతా ఉబ్బి ముందుకొచ్చి, మళ్ళీ వెనక్కి పోయింది. హాలంతా నవ్వులు. ఆ పాత్ర వేసినావిడ మేకప్ గదిలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఆవిడ ఆరు నెలలు పడ్డ కష్టం నా గుడ్డ వల్ల పోయింది. ఆ తర్వాత నేను మళ్ళీ సముద్రం గీయలేదు.

మీ కథలో ఆ ఇద్దరాడవాళ్ళకీ సముద్రం కనబడదు కదా, వినబడుతుంది అంతే. వాళ్ళు చూడనిది మనకెందుకు చూపించడం? స్క్రిప్టు పట్టుకుని, ఎవరి చెయ్యి దేనిమీద పడుతోందో పెన్సిల్‌తో గీతలు పెట్టండి. గీత పడిన వస్తువే మీ సెట్. మన పక్కనున్న విజయనగరంలో 1892లో తొలిసారి ఆడిన కన్యాశుల్కం చూడండి. మధురవాణి ఇంట్లో పూటకూళ్ళమ్మ చీపురుతో వచ్చే రంగానికి మేడా, స్తంభాలూ ఏవీ అక్కర్లేదు. మంచం ఒక్కటీ సరిగ్గా ఉండాలి. గిరీశం దూరేసరికి రామప్పంతులు అప్పటికే దాని కింద ఉంటాడు. మంచం పొట్టిదైతే ఇద్దరూ పట్టరు. దుప్పటి నేలదాకా వేలాడితే కింద జరిగేది జనానికి కనబడదు. అందుకే ఆ రంగానికి నేను మంచం కోళ్ళు ప్రత్యేకంగా ఎత్తు పెట్టించేవాణ్ణి.

ఇప్పుడు మీ నాటిక. కథ రాత్రి జరుగుతున్నట్టు రాసుకున్నారేమో ఒకసారి చూసుకోండి. హుద్‌హుద్ మన ఊరి మీద పడింది 2014 అక్టోబరు 12, ఆదివారం పట్టపగలు. నేను మా ఇంటి కిటికీలోంచి చూశాను. చీకటి కాదు, తెలుపు. ఎదుటి ఇల్లు కూడా కనబడనంత తెల్లటి వాన. కాబట్టి స్టేజీ నల్లగా చెయ్యకండి. ఒక పక్క నుంచి చల్లటి తెల్ల లైటు వెయ్యండి.

ఇంకో సంగతి, నాటకం వేసేవాళ్ళకి అది బంగారం. తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య గాలి లేని చోటు, మన ఊరి మీదుగా పోయింది. ఒకవైపు నుంచి కొట్టిన గాలి ఉన్నట్టుండి ఆగింది. అయిపోయిందనుకుని జనం బయటికి వచ్చారు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ మొదలైంది. ఆ ఆగిన కాసేపటిలోనే మీ కోడలు తలుపు తీసి వీధిలోకి పరిగెత్తాలి. దాన్ని చూపించడానికి ఒక దండెం, దాని మీద ఆ కొడుకు తువ్వాలు చాలు. తువ్వాలు అంచుకి సన్నటి గాలం దారాలు కట్టి, చెరో వింగులో ఒక మనిషిని కూర్చోబెట్టండి. మొదట ఎడమవాడు లాగుతాడు, తువ్వాలు అటే కొట్టుకుంటుంది. తర్వాత ఇద్దరూ వదిలేస్తారు. తువ్వాలు నిలువుగా వేలాడుతుంది, కదలదు. మీ తల్లి పాత్ర మాట ఆపేసి దానికేసి చూస్తే చాలు, హాలంతా చూస్తుంది. ఆ తర్వాత కుడివాడు లాగుతాడు. రిహార్సల్స్ మొదటి రోజు నుంచే ఈ ఇద్దరినీ నటుల్లాగే పిలవండి. చివరి రోజు చెబుదాంలే అనుకుంటే అందరికీ టెన్షనే.

ఇల్లంతా కట్టక్కర్లేదు. ఒక గోడ, ఒక తలుపు. రీపర్లతో (సన్న చెక్క బద్దలతో) ఎనిమిదడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు ఫ్రేములు రెండు కొట్టించి, ముతక గుడ్డ లాగి బిగించి, మైదా గంజి పూసి ఆరాక రంగు వెయ్యండి. వెనక వాలు కర్ర, దాని మీద ఇసుక బస్తా తప్పనిసరి. తలుపు మాత్రం నిజం చెక్క తలుపే తెండి, పాత సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. గాలికి తలుపు పట్టుకుని ఆపే ఆడమనిషి భుజం బిగుసుకోవాలి. గుడ్డ తలుపుతో ఆ బిగువు రాదు.

కొడుకు చివర్లో తల్లికి కనబడతాడన్నారు కాబట్టి, తలుపు పక్కన గోడ స్థానంలో బూడిదరంగు అద్దిన దోమతెర కట్టండి. ముందువైపు నుంచి ఏటవాలుగా లైటు వేస్తే అది గోడలాగే ఉంటుంది. ముందు లైటు మెల్లగా తగ్గించి, తెర వెనక నాలుగైదు అడుగుల దూరంలో నిలబడిన మనిషి మీద వెలుగు పెంచితే గోడ మాయమై అతను కనబడతాడు. లైటు తిన్నగా కొడితే మాత్రం తెర దాటి వెనకదంతా ముందే బయటపెడుతుంది. దోమతెర వేడి బల్బుకి తగిలితే అంటుకుంటుంది, దూరంగా ఉంచండి.

హార్బర్‌లో పాత వలలు అడిగి తెచ్చుకుంటే మూడు రోజులు ఉతికి ఎండబెట్టండి. ఆ వాసనకి ముందు వరసలవాళ్ళు కూర్చోలేరు.

ప్రశ్న: మా బడి పిల్లల నాటకానికి ఫోన్లో ఉరుము శబ్దం పెడితే పెట్టెలోంచి వచ్చినట్టుంటోంది. ఏం చెయ్యాలి?
— ఒక టీచర్, భీమిలి

జవాబు: ఆరడుగుల పల్చటి జింకు రేకు తెచ్చి, పైన రెండు చిల్లులు పెట్టి తాడుతో వేలాడదీయండి. కింది అంచుకి చెక్క పిడి బిగించండి, లేకపోతే పిల్లల చేతులు కోసుకుంటాయి. మెల్లగా మొదలుపెట్టి గబగబా ఊపాలి. మెరుపు ముందు, ఉరుము తర్వాత. మెరిసిన మూడు సెకన్లకి ఉరిమితే ఆ పిడుగు కిలోమీటరు దూరంలో పడ్డట్టు. కాబట్టి మొదటి మెరుపుకి ఆరు అంకెలు లెక్కపెట్టించండి, తర్వాతిదానికి నాలుగు, ఆ తర్వాత రెండు. చివరిసారి మెరుపూ ఉరుమూ ఒకేసారి రావాలి.