నడిచే ప్రోగ్రాం చదవడానికి వీలు కాకపోతే?

ప్రశ్న: పైథాన్ నేర్చుకుంటున్నాను. మార్కులు తీసుకుని గ్రేడు చెప్పే ప్రోగ్రాం 120 లైన్లలో, ఒకే ముక్కగా రాశాను. నడుస్తోంది గానీ రెండు వారాల తర్వాత తెరిస్తే నాకే అర్థం కాలేదు. పేర్లన్నీ ఎ, బి, టెంప్. ఇఫ్ లోపల ఇఫ్, అలా నాలుగు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: పేర్లతో. 'ఎ' బదులు 'మార్క్స్' అని ఉంటే సగం చిక్కు విడిపోతుంది. అయితే ఫైండ్ అండ్ రీప్లేస్ వాడకండి, 'రేంజ్'లోని ఎ అక్షరం కూడా మారిపోయి ప్రోగ్రాం ఆగిపోతుంది. కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో పేరు మీద కర్సర్ పెట్టి ఎఫ్2 నొక్కితే ఆ వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) ఒక్కటే మారుతుంది.

తర్వాత ఆ 120 లైన్లను మూడు ఫంక్షన్లు (ఒక్కో పనికి పేరు పెట్టి విడిగా రాసే కోడ్ ముక్కలు) చేయండి: మార్కులు తీసుకునేది, గ్రేడు లెక్కించేది, ప్రింట్ చేసేది. గ్రేడు ఫంక్షన్‌లో ఇన్‌పుట్, ప్రింట్ అసలు ఉండకూడదు. మార్కులు లోపలికి, గ్రేడు బయటికి, అంతే. పాస్ మార్కు 40 అనుకుంటే, అప్పుడు ప్రతిసారీ టైపు చేయకుండానే 39, 40, 100 ఇచ్చి చూసుకోవచ్చు. తప్పులు ఎక్కువగా దొరికేది ఇలాంటి హద్దుల దగ్గరే.

ఇక నాలుగు ఇఫ్‌ల సంగతి. మార్కులు 0 కన్నా తక్కువ కాకపోతే, 100 దాటకపోతే అంటూ లోపలికి వెళ్లేకొద్దీ ఏ ఎల్స్ ఏ ఇఫ్‌దో తెలియదు. షరతును తిరగేయండి: 0 కన్నా తక్కువైతే అక్కడే రిటర్న్ (ఫంక్షన్ నుంచి బయటికి రావడం), 100 దాటితే అక్కడే రిటర్న్. మిగిలిన కోడ్ ఎడమ అంచుకు దగ్గరగా, వరుసగా సాగుతుంది. ఫంక్షన్ బయట రిటర్న్ రాస్తే పైథాన్ ఒప్పుకోదు, అందుకే ఫంక్షన్ల పని ముందు చెప్పాం. గ్రేడులను పై నుంచి కిందికి పరీక్షించండి. 40 షరతు ముందుంటే 95 వచ్చినవాళ్లూ అక్కడే ఆగి, అట్టడుగు గ్రేడు తెచ్చుకుంటారు.

ఆ 40 మూడు చోట్ల ఉంటే పైన ఒకే చోట 'పాస్_మార్క్' అని పేరు పెట్టండి. లేకపోతే రేపు 45 చేసినప్పుడు ఒకటి మిగిలిపోతుంది. ఇండెంట్ (లైను మొదట్లో వదిలే ఖాళీ) 4 స్పేసులు. ఒకే బ్లాకులో ట్యాబులూ స్పేసులూ కలిపితే పైథాన్ 3 ట్యాబ్ ఎర్రర్ ఇస్తుంది.

అన్నీ ఒకేసారి మార్చకండి. ఒక మార్పు చేసి, అవే అంకెలతో నడిపి, పాత జవాబే వస్తే రెండోది మొదలుపెట్టండి.