గ్యాస్ పైపులైన్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పొలం కింద నుంచి పెద్ద గ్యాస్ లైను పోతోంది. ఇప్పుడు దాని పక్కనే ఇళ్ల స్థలాలు వేస్తున్నారు. లైను వేసినప్పుడు లేని జనం తర్వాత వచ్చి చేరితే ఆ పైపు భద్రమేనా? లీకైతే వాసన బట్టి పసిగట్టొచ్చా?

జవాబు: వాసనను నమ్ముకోకండి. సహజ వాయువుకు సొంత వాసన ఉండదు. వంటింట్లో మనకు తగిలే ఘాటు మెర్కాప్టాన్ అనే గంధక రసాయనానిది. దాన్ని చాలాచోట్ల పంపిణీ లైన్లలోకి దించేటప్పుడే కలుపుతారు, దూరాలు మోసే పెద్ద లైన్లలో తరచూ ఉండదు. కాబట్టి కళ్లకూ చెవులకూ పని చెప్పాలి. ఆగకుండా బుసకొట్టే చప్పుడు, నిలవ నీళ్లలో బుడగలు, గాలి లేకపోయినా నేలలోంచి లేచే దుమ్ము, చుట్టూ పచ్చగా ఉండి ఒక్కచోటే ఎండిపోయిన పైరు కనిపిస్తే అనుమానించండి. బండి స్టార్ట్ చేయకుండా, గాలి ఎటునుంచి వీస్తోందో అటువైపు నడిచి దూరం వెళ్లండి. ఆ తర్వాతే గుర్తు స్తంభం మీదున్న అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి. వాల్వు మీద చెయ్యి వేయొద్దు. మంట కనిపించినా ఆర్పొద్దు, ఎందుకంటే మంట ఆరితే గ్యాసు ఆగదు, పోగుపడి ఇంకోచోట అంటుకుంటుంది.

ఇక ఇళ్ల సంగతి. చాలా దేశాలు ఆధారంగా తీసుకునే ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) బి31.8 ప్రమాణం జనసాంద్రతను బట్టి లైను దారిని తరగతులుగా విభజిస్తుంది. ఉక్కు తట్టుకోగల ఒత్తిడిలో ఎంత వంతు వాడుకోవచ్చో తరగతే నిర్ణయిస్తుంది: ఖాళీ పొలాల్లో సాధారణంగా 0.72, ఇళ్లు దట్టమైతే 0.5, బహుళ అంతస్తుల చోట 0.4. 914 మిల్లీమీటర్ల వ్యాసం, 12 మిల్లీమీటర్ల గోడ, 485 మెగాపాస్కల్ బలం ఉన్న పైపునే తీసుకోండి. పొలంలో ఉన్నంతకాలం దాన్ని సుమారు 91 బార్ల దాకా నడపొచ్చు (ఒక బారు దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత). కాలనీ వచ్చి తరగతి మారితే అదే పైపుకు పరిమితి 64 బార్లు. అప్పుడు కంపెనీ ఆ భాగంలో పీడనం తగ్గించాలి, లేదా తవ్వి మందపు పైపు వేయాలి. గట్టి తనిఖీలతో పాత పీడనాన్నే కొనసాగించే వెసులుబాటు కొన్ని దేశాల్లో ఉంది. పీడనం తగ్గితే ఆ దెబ్బ లైను పొడవునా ఉన్న కొనుగోలుదారులందరికీ తగులుతుంది. అయినా స్థలాలకు అనుమతినిచ్చే కార్యాలయమూ పైపులైను నియంత్రణ సంస్థా తరచూ వేర్వేరు. ముందే మాట్లాడుకుంటే అందరికీ చౌక.

అసలు భయం మాత్రం తవ్వే యంత్రాలది. 2004 జులై 30న బెల్జియంలోని గిలెంగియన్‌లో పేలుడు 24 మందిని బలిగొంది. అంతకుముందు జరిగిన నిర్మాణ పనుల్లో పైపు గోడ గీసుకుపోయింది, ఆ తర్వాత లైనులో పీడనం పెంచినప్పుడు అది చీలింది. నొక్కు మీద గీత పడితే అక్కడి లోహం పెళుసుబారి చిన్న పగులు పుడుతుంది, పీడనం ఎక్కి దిగినప్పుడల్లా అది పెరుగుతుంది. బకెట్ పన్ను పైపుకు తగిలి గ్యాసు రాకపోయినా సరే, మట్టి కప్పేయకుండా కంపెనీకి చెప్పి తీరాలి.

ప్రశ్న: సాయంత్రం సౌర విద్యుత్తు పడిపోగానే గ్యాసు కేంద్రాలు అందుకుంటే చాలంటారు. పైపు నిండా ఎప్పుడూ గ్యాసు ఉంటుంది కదా. పైపులైను వాళ్లెందుకు గొణుగుతారు?

జవాబు: వాళ్ల గొణుగుడు న్యాయమే. పైపులో నొక్కి ఉంచిన గ్యాసును లైన్‌ప్యాక్ అంటారు. లోపలి వ్యాసం 1.04 మీటర్లున్న లైనులో 100 కిలోమీటర్ల ముక్క ఘనపరిమాణం సుమారు 85,000 ఘనమీటర్లు. సగటు పీడనం 70 బార్లయితే అందులో మామూలు వాతావరణ పీడనం దగ్గర కొలిచే గ్యాసు సుమారు 69 లక్షల ఘనమీటర్లు ఉంటుంది. అదంతా వాడుకోవడానికి కాదు. పీడనం 60కి దిగితే మిగిలేది సుమారు 58 లక్షలు. అంటే చేతికొచ్చేది 11 లక్షలే. 500 మెగావాట్ల కంబైన్డ్ సైకిల్ (గ్యాసు టర్బైనూ, దాని వేడితో ఆవిరి టర్బైనూ నడిచే) కేంద్రం పూర్తి లోడు మీద గంటకు సుమారు 90,000 ఘనమీటర్లు తాగుతుంది. ఒక కేంద్రమైతే 12 గంటలు నెట్టుకురావచ్చు. ఆరు కేంద్రాలు సూర్యాస్తమయానికి ఒకేసారి లేస్తే ఆ నిల్వ రెండు గంటలకే ఖాళీ.

కరెంటులా గ్యాసు క్షణంలో రాదు. లైనులో దాని వేగం గంటకు 30, 40 కిలోమీటర్లు. 400 కిలోమీటర్ల అవతల బావి తెరిస్తే ఆ గ్యాసు చేరేసరికి రాత్రి గడిచిపోతుంది. ఈలోగా ముందు పీడనం కోల్పోయేది లైను చిట్టచివర ఉన్నవాడు. పెద్ద టర్బైన్లకు 30 బార్ల చుట్టుపక్కల పీడనం అందకపోతే అవి ఆగిపోతాయి.

దీని వెనక డబ్బు చిక్కు ఉంది. రవాణా ఒప్పందాలు చాలావరకు రోజు మొత్తం మీద రాసుకున్నవి, గంట గంటకూ సమానంగా తీసుకుంటారన్న ఊహ మీద. పైగా విద్యుత్ కేంద్రాలు తరచూ కొనేది చౌకైన ‘వీలైతే ఇస్తాం’ తరహా సామర్థ్యం. ఏడాదిలో కొద్ది గంటల కోసం ఖాయమైన సామర్థ్యానికి ఏడాదంతా కట్టడం వాటికి గిట్టదు. ఖాయమైన ఒప్పందాలు లేనిదే కొత్త పైపుకు బ్యాంకు అప్పివ్వదు. అమెరికా ఇంధన నియంత్రణ సంస్థ ఫెర్క్ 2015లో 809వ ఆదేశంతో గ్యాసు బుకింగ్ వేళలను విద్యుత్ మార్కెట్‌కు దగ్గర చేసింది, రోజు మధ్యలో మార్చుకోవడానికి మరో అవకాశం కలిపింది. గడియారం సర్దుబాటైంది కానీ కొత్త పైపు ఖర్చు ఎవరిదన్నది తేలలేదు. మా దృష్టిలో ఆ భారం గ్యాసు వాడే ఇళ్ల మీద కాక విద్యుత్ ధరలోనే కనిపించాలి, లాభం పొందేది విద్యుత్ వ్యవస్థే కాబట్టి.

ఇంకో ముడి ఉంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచు తుఫానులో బావులూ పరికరాలూ గడ్డకట్టి గ్యాసు తగ్గింది, కేంద్రాలు ఆగాయి. కరెంటు కోతలు పెడితే అవి గ్యాసు క్షేత్రాలకూ తగిలాయి, కొన్నింటి పేర్లు కోత మినహాయింపు జాబితాలో లేవు మరి! గ్యాసును నొక్కి లైనులో ముందుకు నెట్టే కంప్రెసర్లకు విద్యుత్ మోటార్లు పెట్టేవారు ఆ జాబితాను ఏటా సరిచూసుకోవాలి. గ్యాసుతోనే నడిచే ఇంజను ఒకటి అదనంగా ఉంచుకుంటే ఇంకా మేలు.

ప్రశ్న: ఉన్న లైన్లలోనే 20 శాతం హైడ్రోజన్ కలిపితే కాలుష్యం 20 శాతం తగ్గుతుందా?

జవాబు: తగ్గదు. ఘనమీటరు హైడ్రోజన్‌లో ఉండే శక్తి మీథేన్‌లో మూడో వంతు కూడా లేదు. 20 శాతం కలిపిన మిశ్రమంలో శక్తి 14 శాతం పడిపోతుంది, అదే వేడికి ఎక్కువ ఘనపరిమాణం పంపాలి. చివరికి కార్బన్ డయాక్సైడ్ తగ్గేది 7 శాతమే. ఉక్కు విషయమూ ఉంది. హైడ్రోజన్ పరమాణువులు లోహంలోకి చొరబడి, పీడనం మారినప్పుడల్లా పగుళ్లు వేగంగా సాగేలా చేస్తాయి. బలమైన ఉక్కులోనూ గట్టిపడ్డ పాత వెల్డుల్లోనూ ముప్పు ఎక్కువ. మీథేన్‌కు పర్వాలేదనుకుని వదిలేసిన లోపాలన్నిటినీ కొత్తగా లెక్క కట్టాలి. గ్యాసులో ఏమేం ఎంతెంత ఉన్నాయో కొలిచే, హీలియం వాడే గ్యాస్ క్రొమాటోగ్రాఫ్‌లు హైడ్రోజన్‌ను సరిగా చూడలేవు, కాబట్టి బిల్లింగ్ కొలతా తప్పుతుంది. ఊళ్లోని పాలిథిన్ పైపులకు ఈ బెడద తక్కువ. శుభ్రమైన హైడ్రోజన్ ఉంటే ఎరువుల కర్మాగారాలకు నేరుగా ఇవ్వడమే సబబు.

ప్రశ్న: గ్యాసు వాడకం తగ్గితే రవాణా చార్జీ తగ్గాలి కదా, పెరుగుతుందేం?

జవాబు: పైపులైను ఖర్చులో అధిక భాగం ముందే భూమిలో పాతేసిన డబ్బు. అప్పు, తరుగుదల, నిర్వహణ, అనుమతించిన లాభం, పన్ను కలిపి ఏటా వసూలు కావాల్సిన మొత్తం నిర్ణయమవుతుంది. అది 100 అనుకుంటే, సమానంగా వాడే పదిమంది తలా 10 కడతారు. ఇద్దరు వెళ్లిపోతే మిగిలినవారి వంతు 12.5. ఆ భారానికి మరొకరు వెళ్లిపోవచ్చు. చివరికి మిగిలేది వేరే దారి లేనివారే. యాభై ఏళ్లు పనిచేసే లైనుకు పాతికేళ్లలోనే గిరాకీ తగ్గే అవకాశం ఉంటే తరుగుదలను తొలి ఏళ్లలోనే ఎక్కువగా వసూలు చేయడం మంచిది. ఇప్పుడు చార్జీ కొంచెం పెరిగినా, కొనుగోలుదారులు ఎక్కువమంది ఉన్నప్పుడే అప్పు తీరుతుంది.

ప్రశ్న: బొగ్గుకన్నా గ్యాసు శుభ్రమంటారు. లీకులు లెక్కేసినా అంతేనా?

జవాబు: లీకు ఎంతన్నదాన్ని బట్టి. 100 కిలోల మీథేన్ కాలిస్తే 275 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కాలకుండా జారిపోయిన మీథేన్ ఇరవై ఏళ్ల లెక్కలో దానికి 80 రెట్లకు పైగా వేడెక్కిస్తుంది. అంటే 3 కిలోలు జారితే దాదాపు 250 కిలోలకు సమానం, కాల్చిన మొత్తం చేసే హానికి దగ్గర. ఇందులో చాలా భాగం ప్రమాదం కాదు, అలవాటు. పిస్టన్ కంప్రెసర్లలో కడ్డీ చుట్టూ గ్యాసును ఆపే ప్యాకింగ్ అరిగిపోవడం, గ్యాసు పీడనంతో నడుస్తూ కొంత గాల్లోకి వదిలే కంట్రోలర్లు, మరమ్మతుకు ముందు లైను ఖాళీ చేయడం ముఖ్యమైనవి. పైన లైన్‌ప్యాక్ లెక్కలో చెప్పిన పైపులో 20 కిలోమీటర్ల ముక్కను 70 బార్ల నుంచి గాల్లోకి వదిలితే పోయేది 13 లక్షల ఘనమీటర్లకు పైనే. ట్రక్కు మీద తెచ్చే కంప్రెసర్‌తో పక్క ముక్కలోకి తోడి 10 బార్లకు దించితే అందులో ఎనిమిదింట ఏడు వంతులు మిగులుతుంది. అద్దె ఉంటుంది, పనికి అదనపు సమయమూ పడుతుంది. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన మీథేన్ నిబంధన ఇలా వదలడాన్ని కట్టడి చేస్తుంది. చాలాచోట్ల మాత్రం పోయిన గ్యాసు విలువను ‘లెక్కకు రాని గ్యాసు’ పేరుతో చార్జీలో కలిపేయనిస్తారు, కాబట్టి కంపెనీకి కంప్రెసర్ అద్దెకు తేవాలన్న తొందర ఉండదు. చార్జీల విచారణకు వెళితే ఆ శాతం ఎంతో, దానికి గరిష్ఠ పరిమితి ఉందో లేదో అడగండి.