పనిమనిషంటే మా యాసేనా?

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను చెన్నైలో మాస్ కమ్యూనికేషన్ పీజీ రెండో ఏడు చదువుతున్నాను. మా తాతగారు రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఉద్యోగం కోసం కావలి నుంచి పెరంబూర్ వచ్చారు. అప్పటినుంచీ ఇక్కడే ఉంటున్నాం. డిజర్టేషన్‌కి అమెరికన్ సీరియళ్ళలో లాటినోలను, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళను, ఎలా చూపిస్తున్నారన్న అంశం తీసుకున్నాను. మా గైడ్ "నీకూ వాళ్ళకూ ఏం సంబంధం?" అన్నారు. నాన్నేమో "చేస్తే మనవాళ్ళ మీదే చెయ్యరాదూ" అంటున్నారు. క్లాసులో నన్ను 'గొల్టీ' అని పిలుస్తారు, ఇక్కడ తెలుగువాళ్ళను వెక్కిరించే మాట అది. నవ్వేస్తాను గానీ లోపల బాధగానే ఉంటుంది. అందుకే ఈ అంశం పట్టుకున్నానేమో కూడా. దీని మీద రాసే హక్కు నాకు ఉందా? ఉంటే, చేతిలో మూడు నెలలే ఉన్నాయి, ఏం లెక్కపెట్టాలి? చాలా టెన్షన్‌గా ఉంది. నన్ను 'నువ్వు' అనే రాయండి.
— ఒక విద్యార్థిని, పెరంబూర్

జవాబు: తల్లీ, హక్కు సంగతి తరవాత. ముందు నా సంగతి ఒకటి విను.

పాతికేళ్ళు నేను వడపళనిలో డబ్బింగ్ సినిమాలకూ సీరియళ్ళకూ తెలుగు మాటలు రాశాను. 2004లో ఒక అమెరికన్ సీరియల్ వచ్చింది. అందులో ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన పనిమనిషి పాత్ర ఒకటి. ఒక సీన్‌లో ఆవిడ వంటింట్లో నిలబడి వాళ్ళమ్మతో ఫోన్‌లో స్పానిష్‌లో మాట్లాడుతుంది. అర నిమిషం ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేస్తుంది. మాకిచ్చిన డైలాగ్ షీట్లో ఆ చోట "స్పానిష్‌లో మాట్లాడుతోంది" అని ఒక్క ముక్క రాసి ఉంది. ఏం మాట్లాడుతోందో లేదు, ఎందుకు ఏడుస్తోందో లేదు. "పెదాలకు సరిపోయేట్టు ఏదో ఒకటి వేసేయండి మేడమ్, లూప్ అయిపోతే చాలు" అన్నారు. "అలాగేనమ్మా, నెల తిరగ్గానే డబ్బు పంపిస్తా" అని రాశాను. అంత దుఃఖానికి నేనిచ్చిన అర్థం అది.

ఆవిడ మిగతా మాటలకు శ్రీకాకుళం యాస పెట్టాను. పనిమనిషి కదా అని. ఇంటి యజమానురాలికి మాత్రం పత్రికల్లో రాసే తెలుగు. పనిమనిషికి గొంతు ఇవ్వడానికి వచ్చిన అమ్మాయిది టెక్కలి. రెండు లూపులు (డబ్బింగ్‌కి విడగొట్టిన చిన్న ముక్కలు) చెప్పి, మైకు దగ్గర ఆగి, "పనిమనిషంటే మా యాసేనా మేడమ్?" అంది. గొంతులో కోపం కూడా లేదు. నాకు జవాబు రాలేదు. ఆ రోజు యాస మార్చి రాసి ఉండవచ్చు, మార్చలేదు. డబ్బింగ్ థియేటర్ గంటల లెక్కన అద్దెకు నడుస్తోంది, అదే సాకు అయింది. ఆ అమ్మాయి అలాగే చెప్పేసి వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళు దాటినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

పనిమనిషి ఎలా ఉండాలో, ఎలా మాట్లాడాలో లాస్ ఏంజెలెస్‌లో ఎవరో నిర్ణయించారు. నేను వడపళనిలో కూర్చుని దాన్ని తెచ్చి టెక్కలి అమ్మాయి నోట్లో పెట్టాను. నీకూ వాళ్ళకూ ఏం సంబంధమని మీ గైడ్‌గారు మళ్ళీ అడిగితే ఇది చెప్పు. హక్కు ఉంది. అయితే 'గొల్టీ' అన్న మాట వల్ల నీకు కలిగిన నొప్పి, ప్రశ్న ఎంచుకోవడం వరకే పనికొస్తుంది. దాన్ని తీసుకెళ్ళి సాక్ష్యంగా పెట్టకు. ఇంకో మాట. ఈసారి ఎవరైనా అలా పిలిస్తే నవ్వకు. నీ పేరు చెప్పి, ఆ పేరుతో పిలవమని అడుగు.

ఇక లెక్క. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జార్జ్ గెర్బ్‌నర్ బృందం 1960ల చివర్లో టీవీ పాత్రలను లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తెర మీద ఎవరు కనిపిస్తున్నారు, ఎవరు కొడుతున్నారు, ఎవరు చస్తున్నారు అని ఏళ్ళ తరబడి కోడింగ్ చేశారు, అంటే చూసిన ప్రతిదాన్నీ ముందే అనుకున్న గడుల్లో వేసి లెక్కించారు. కథల్లో కనిపించకుండా పోవడం కూడా ఒక రకంగా తుడిచివేయడమేనని ఆయనా, లారీ గ్రాసూ 1976లో రాశారు. ఆ దారిలోనే సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో ఒక పెద్ద లెక్క బయటపెట్టారు. 2007 నుంచి 2018 దాకా ఏటా బాగా ఆడిన వంద సినిమాల చొప్పున 1200 సినిమాలు చూశారు. మాట్లాడే పాత్రలు 47 వేల పైచిలుకు ఉంటే వాటిలో లాటినోలు 4.5 శాతం. వాళ్ళు ముఖ్యపాత్రలో ఉన్న సినిమాలు 3 శాతం. అప్పటి దేశ జనాభాలో చూస్తే దాదాపు 18 శాతం వాళ్ళే.

ఈ లెక్క నువ్వు మళ్ళీ చేయనక్కర్లేదు, మూడు నెలల్లో నీ వల్ల కాదు కూడా. పైగా ఆ పద్ధతిలో ఒక్క మాట పలికినా 'మాట్లాడే పాత్ర' కిందే వస్తుంది. నేను రాసిన పనిమనిషి అక్కడ ఒక అంకె. ఆవిడ ఎందుకు ఏడ్చిందో చూసేవాళ్ళకు తెలియలేదన్న సంగతి ఆ అంకెలో కనబడదు.

అందుకని నువ్వు మాటలను లెక్కపెట్టు. ఒకటి రెండు సీరియళ్ళు, ఒక్కో సీజన్ చాలు. స్పానిష్‌లో ఒక పాత్ర పలికిన ప్రతి మాటల వరుసనూ ఒక యూనిట్‌గా తీసుకో. కింద సబ్‌టైటిల్‌లో అర్థం ఇచ్చారా? "స్పానిష్‌లో మాట్లాడుతున్నారు" అని పెట్టి వదిలేశారా? అసలేమీ వేయలేదా? లేక పక్కనున్న పాత్ర ఇంగ్లీషులో తిప్పి చెప్పిందా? పలికింది ఎవరు, ఎవరితో? వంటింట్లోనా, ఆఫీసులోనా, పోలీస్ స్టేషన్లోనా? ఒకటి మాత్రం తప్పకుండా చూడు. అమ్మతో, పిల్లలతో మాట్లాడినప్పుడు అర్థం వదిలేసి, నేరం గురించి మాట్లాడినప్పుడు మాత్రం ప్రతి మాటకూ అర్థం వేస్తున్నారా? ఇది నా అనుమానం. నిజమో కాదో నీ పట్టిక చెప్పాలి. కాదని తేలినా అదీ మంచి ఫలితమే, దాచకుండా రాయి.

నా వృత్తిలో నేర్చుకున్న జాగ్రత్త ఒకటి చెబుతాను, ఎందుకంటే పుస్తకాల్లో ఇది అంత తేలిగ్గా దొరకదు. వినికిడి లేనివాళ్ళ కోసం చేసే క్యాప్షన్లు వేరు, అందరికీ కనబడాలని నిర్మాతలే తెర మీద వేయించే అనువాదం వేరు. రెండూ ఒకే గడిలో వేశావంటే లెక్కంతా పాడవుతుంది. మన దగ్గర యాప్‌లో వచ్చే ఫైలు అమెరికాలో వచ్చే ఫైలే కానక్కర్లేదు. ఏ యాప్, ఏ ట్రాక్, ఏ తేదీ అన్నది ప్రతి ఎపిసోడ్‌కీ రాసిపెట్టుకో. ఇంకొకటి, అర్థం వేయకపోవడం ప్రతిసారీ అవమానం కాదు. ఆ భాష వచ్చినవాళ్ళకే ఆ మాట దక్కాలని కావాలనే వదిలే రచయితలు ఉంటారు. అక్కడ కెమెరా ఎవరి వైపు ఉంది, కథ ఎవరి కళ్ళతో నడుస్తోంది అన్నదానికి కోడ్‌బుక్‌లో, అంటే ఏది ఏ గడిలో వేయాలో రాసుకునే నిబంధనల పుస్తకంలో, ఇంకో గడి పెట్టు.

ఒక్కదానివే కోడింగ్ చేస్తే ఎవరూ ఒప్పుకోరు. మన ఊళ్ళో స్పానిష్ నేర్చుకుంటున్న పిల్లలు ఉన్నారు, ఒకరిని బతిమాలి తెచ్చుకో. ఇద్దరూ విడివిడిగా కోడ్ చేసి కోహెన్ కప్పా తీయండి, మీ ఇద్దరి కోడింగ్ ఎంతవరకు కలిసిందో చెప్పే అంకె అది. 0.8 దాటితే ధైర్యంగా ముందుకు వెళ్ళు. దాటకపోతే నిర్వచనాలు సరిచేసుకుని మళ్ళీ చేయండి. సాధన కోసం వాడిన ఎపిసోడ్లను అసలు లెక్కలో కలపొద్దు.

మీ నాన్నగారి మాట కూడా తీసెయ్యకు. ఆ సీరియళ్ళలో తెలుగు డబ్బింగ్ ఉన్నది దొరికితే, చివరి అధ్యాయంలో దాన్ని పక్కన పెట్టి చూడు. ఆ పాత్రలకు ఏ జిల్లా యాస ఇచ్చారో గమనించు. ఆయన అడిగిన మనవాళ్ళు అక్కడ ఉంటారు.

ప్రశ్న: అమ్మా, నా వయసు డెబ్బై రెండు. మాది తిరుత్తణి, ఇప్పుడు అంబత్తూరులో ఉంటున్నాం. మా అబ్బాయి శాన్ ఆంటోనియోలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈమధ్య ఆరు నెలలు అక్కడ ఉండి వచ్చాం. పక్కింటాయనది స్పానిష్ పేరు, ఆయనకు స్పానిష్ మాత్రం రాదు. మీ పెద్దలు ఎప్పుడు వచ్చారని అడిగితే, "మేం ఎక్కడి నుంచీ రాలేదు, సరిహద్దే మా మీదుగా దాటింది" అన్నాడు. ఫారాల్లో హిస్పానిక్ అని ఉంటుంది, టీవీలో లాటినో అంటారు, మా కోడలు లాటిన్‌ఎక్స్ అనాలంటుంది. ఏది సరైనది?
— ఒక పెద్దాయన, అంబత్తూరు

జవాబు: తిరుత్తణివారికి ఆయన మాట నేను విప్పి చెప్పాలా అండీ! 1953లో మీ ఊరు ఆంధ్ర రాష్ట్రంలోకి వెళ్ళింది, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఇల్లు కదల్లేదు, రాష్ట్రం మారింది. శాన్ ఆంటోనియో కూడా 1836 దాకా మెక్సికోలోదే. ఆ తరవాత టెక్సస్ కొన్నేళ్ళు విడి దేశంగా ఉండి, 1845లో అమెరికాలో చేరింది. 1848లో మెక్సికోతో యుద్ధం ముగిశాక జరిగిన ఒప్పందంతో కాలిఫోర్నియా, ఇంకా చుట్టుపక్కల నేలంతా అలాగే చేతులు మారింది.

అమెరికా పాలనలో ఉన్న కరీబియన్ దీవి ప్యూర్టో రికోవాళ్ళది వేరే కథ. 1917 నుంచీ వాళ్ళు అమెరికా పౌరులే, న్యూయార్క్ రావడానికి వీసా అక్కర్లేదు. మయామీలోని క్యూబావాళ్ళు చాలామంది 1959 విప్లవం తరవాత వచ్చినవాళ్ళు. మెక్సికో మూలాలవాళ్ళు, ప్యూర్టో రికోవాళ్ళు, క్యూబావాళ్ళు, ఈ ముగ్గురికీ హిస్పానిక్ అని ఒకే పేరు అన్నది పుట్టుకతో వచ్చింది కాదు. 1950, 1960 జనగణనల్లో నైరుతి రాష్ట్రాలు అయిదింటిలో స్పానిష్ ఇంటిపేర్లు చూసి లెక్కవేశారు. 1970లో నమూనాగా 5 శాతం ఇళ్ళను నేరుగా అడిగారు. అందులో 'సెంట్రల్ ఆర్ సౌత్ అమెరికన్' అన్న గడి చూసి, అమెరికా మధ్య రాష్ట్రాల్లో, దక్షిణ రాష్ట్రాల్లో ఉన్న మామూలు జనం కొందరు అది తామేననుకుని టిక్కు పెట్టేశారు! 1980 నుంచి అందరినీ అడుగుతున్నారు. 2020 లెక్కకు హిస్పానిక్‌లు 6 కోట్ల 21 లక్షలు.

క్రిస్టినా మోరా అనే సమాజశాస్త్రవేత్త ఈ పేరు ఎలా పుట్టిందో తవ్వి తీశారు. హక్కుల కోసం పోరాడినవాళ్ళు, జనగణన అధికారులు, స్పానిష్ టీవీవాళ్ళు ముగ్గురూ కలిసి దాన్ని నిలబెట్టారని ఆవిడ చూపించారు. ఒక్కో ఊళ్ళో ఒక్కో జనం ఉంటే ప్రకటనలు రావు, దేశమంతా ఒకే మార్కెట్ అంటేనే వస్తాయి. ఇందులో మీ అబ్బాయి ఊరికీ చోటుంది. అమెరికాలో పూర్తికాలం స్పానిష్‌లో నడిచిన మొదటి టీవీ స్టేషన్‌ను 1955లో రౌల్ కోర్టెజ్ పెట్టింది శాన్ ఆంటోనియోలోనే.

ఒకే పేరు వల్ల బలం వస్తుంది, ఓట్లు లెక్కకు వస్తాయి, నేను కాదనను. కానీ ఒకే పేరు ఒకే రంగు కూడా పూస్తుంది. రీటా మొరెనో ప్యూర్టో రికోలోనే పుట్టిన నటి. 1961 నాటి ఒక మ్యూజికల్ చిత్రంలో ప్యూర్టో రికో పాత్రలు వేసిన అందరితో పాటు ఆవిడకూ ఒకే ముదురు గోధుమ రంగు మేకప్ వేశారు. ఆ పాత్రకే ఆవిడకు ఆస్కార్ వచ్చింది. తన ఒంటి రంగు అది కాదని చెప్పినా వినలేదని ఆవిడ తరవాత చెప్పుకున్నారు. ఇక్కడ 'గొల్టీ' అనేవాళ్ళకు షావుకారుపేట వ్యాపారులూ, నెల్లూరు నుంచి వచ్చిన కూలీలూ, కోడంబాక్కం సినిమావాళ్ళూ, ఓఎమ్మార్ రోడ్డులోని సాఫ్ట్‌వేర్ పిల్లలూ అందరూ ఒకటే. మదురై వైపు నాయకరాజుల కాలం నుంచీ ఉండి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ చదవడం రానివాళ్ళను కూడా అందులోనే వేస్తారు.

మీరడిగిన మాటలకు వస్తాను. హిస్పానిక్ అంటే స్పానిష్ భాషతో సంబంధం. అందులో స్పెయిన్ వస్తుంది, బ్రెజిల్ రాదు. లాటినో అంటే లాటిన్ అమెరికా మూలాలు, స్పెయిన్ రాదు. లాటిన్‌ఎక్స్ అన్నది ఆడా మగా తేడా లేకుండా అందరూ ఇమడాలని పెట్టిన పేరు. మీ కోడలుగారి ఉద్దేశం మంచిదే. కానీ అమెరికాలో జనాభిప్రాయ సర్వేలు చేసే ప్యూ సంస్థ 2024లో ప్రకటించిన సర్వేలో ఆ మాట విన్నవాళ్ళు 47 శాతం, తమకు వాడుకునేవాళ్ళు 4 శాతమే. మీ పక్కింటాయన తనను 'తెహానో' (మెక్సికన్ మూలాలున్న టెక్సస్‌వాడు) అనుకోవచ్చు, మెక్సికన్ అమెరికన్ అనుకోవచ్చు, ఉత్త టెక్సస్‌వాణ్ణి అనుకోవచ్చు. 'చికానో' అనీ అనుకోవచ్చు. రూబెన్ సలజార్ అనే విలేఖరి 1970 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో చికానో అంటే ఎవరో వివరించారు. తనను తాను తెల్లవాళ్ళ కళ్ళతో చూసుకోని మెక్సికన్ అమెరికన్ అన్నది ఆయన చెప్పిన దాని సారం. అదే ఏడాది ఆగస్టు 29న ఒక నిరసన ప్రదర్శన గురించి వార్త రాయడానికి వెళ్ళి, షెరీఫ్ (అక్కడి కౌంటీ పోలీసు అధికారి) మనిషి పేల్చిన టియర్ గ్యాస్ గుండు తగిలి చనిపోయారు. వాళ్ళ పేరును వాళ్ళ నోటితోనే చెప్పడానికి ప్రయత్నించిన మనిషి. ఆయన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఈసారి వెళ్ళినప్పుడు ఆయన్నే అడగండి. తిరుత్తణి కథ కూడా చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. సినిమాలు చూసి చూసి మెక్సికో అంటే డ్రగ్స్ ముఠాలే అనుకుంటున్నాడు. ఏం చెప్పమంటారు?
— ఒక తల్లి, వేళచ్చేరి

జవాబు: ఉపన్యాసం ఇవ్వకండి, ఆ వయసులో వినరు. పక్కన కూర్చుని రెండు సంగతులు అడగండి. మొదటిది, కథ మెక్సికోలోకి అడుగుపెట్టగానే తెర రంగు మారుతోందా? చాలా అమెరికన్ సినిమాల్లో ఆ సీన్లకు పసుపు రంగు పులుముతారు, దుమ్ముపట్టినట్టు, వేడెక్కినట్టు. సరిహద్దు ఇవతలికి రాగానే ఆకాశం మళ్ళీ నీలంగా మారుతుంది.

రెండోది, కాల్పులు జరిగినప్పుడు చనిపోయినవాళ్ళలో ఎవరి పేరు చెబుతున్నారు, ఎవరి అమ్మను చూపిస్తున్నారు? లాస్ ఏంజెలెస్ టీవీ వార్తల మీద ట్రావిస్ డిక్సన్, డేనియల్ లింజ్ 2000లో ఒక పరిశోధన ప్రచురించారు. అసలు హత్యల్లో చనిపోతున్న లాటినోల కంటే వార్తల్లో బాధితులుగా కనిపించేవాళ్ళు తక్కువని అందులో తేలింది. మీవాడికి ఆ లెక్కలేవీ చెప్పనక్కర్లేదు. ఒక కాగితం, పెన్సిల్ ఇచ్చి, ఈ ఆదివారం చూసే సినిమాలో ఆ రెండూ వాణ్ణే రాసుకోమనండి. రాసింది నాకు పంపితే వాడి పేరుతోనే వేస్తాను.