చెరువు లీజుకు తీసుకున్న మా తమ్ముడి కొడుక్కి

నాయనా,

ఊరి చెరువు ఈసారి చేపలు పెంచుకోడానికి మన సంఘానికే దక్కిందని మీ నాయన ఫోన్లో చెప్పినాడు. చాలా సంతోషం.

చెరువు నిండి మిగులు నీళ్లు పొర్లిపోయే మరువ పారడం నిలిచినాకే చేపపిల్లలు వదులు. పారే నీళ్లు తగిలితే చేప ఊరుకోదు, ఎదురెక్కుతుంది, లేదంటే నీళ్లతో పాటే దిగిపోతుంది. మళ్లీ వానలొచ్చి మరువ పారితే అడ్డంగా జాలీ కట్టండి. వేలెడు పొడవున్న పిల్లలే కొను. చవకని చిన్నవి తెస్తే సగం కొరమీన్లకే మేత. కట్ల, రోహు చేపలు వరదనీటి పారుదలలో తప్ప నిలవనీటిలో గుడ్లు పెట్టవు. అంటే ఏటా పిల్లలు కొనాల్సిందే, ఆ ఖర్చు మొదట్నించే లెక్కలో పెట్టుకో.

నేను చేసిన తప్పు నువ్వు చేయొద్దు. హంద్రీ-నీవా కాలువ నీళ్లు జీడిపల్లి రిజర్వాయరుకు రాకముందు మాట. చాన్నాళ్లకు చెరువు నిండింది. చేతిలో డబ్బు లేక ఒక వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకొని పిల్లలు వదిలినాం. సంక్రాంతి కాకముందే బండి తెచ్చి గట్టు మీద నిలబెట్టినాడు. పావుకిలో చేపలు ఊడ్చి అతనికి పోసినాం. ఎండాకాలం దాకా ఆగింటే ఒక్కొక్కటి కిలో తూగేది. బరువుకు బరువు నాలుగింతలు, పెద్ద చేపకు రేటూ ఎక్కువే. పైగా మేత కోసం మనం పైసా పెట్టింది లేదు. చిన్న చేపలూ చిక్కే చిన్నకన్ను వల వేసేవాళ్లకు ఆశ ఎక్కువంటారు గానీ, నేను చూసినంతలో ఆ వల వేయించేది అప్పే. పిల్లల ఖర్చుకు సభ్యులంతా తలా ఇంత వేసుకోండి. చాలకపోతే తక్కువ పిల్లలే వదలండి, చేప కొనేవాడి దగ్గర మాత్రం చేయి చాపొద్దు.

అమెరికాలో వేటగాళ్ల డబ్బుతోనే అడవి జంతువులు బతుకుతున్నాయని వీడియో పంపినావే, అందులో నిజముంది. అక్కడ తుపాకులు, తూటాల మీది పన్ను వన్యప్రాణుల కోసం ఖర్చు పెట్టాలని 1937లోనే చట్టం చేసినారు. 1950లో గాలం సామాన్లకూ అట్లాంటిదే తెచ్చినారు. అది చూపించి మీ స్నేహితులు కుందేళ్లకు ఉచ్చులు పెడదామంటే వాళ్ల వెంట పోవద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద జైలుకు పోతారు. అక్కడివాళ్ల పద్ధతిలో నాకు నచ్చింది ఒకటే: పట్టిన చేపను కొలిచి, పొట్టిదైతే మళ్లీ నీళ్లలోకి వదిలేస్తారు.

కొరమీను సంగతి చెప్పాలి. ఎర్రటి చిన్నపిల్లలు గుంపుగా నీటిపైకి లేస్తుంటే కింద వాటి తల్లో తండ్రో కాపలా ఉంటుంది. గాలానికి అది సులువుగా దొరుకుతుంది, కుర్రాళ్లకు సరదా. దాన్ని లాగేస్తే ఆ గుంపు మొత్తం వేరే చేపల పాలు. పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా ఒక నాలుగు వారాలు అటువైపు ఎవరినీ పోనీయకు.

చేపల కోసం నీళ్లలో కరెంటు పెట్టేవాళ్లు, మందు కలిపేవాళ్లు ఎవరైనా సరే, బంధువైనా సరే, ఉపేక్షించొద్దు. మందు కలపడం 1897 మత్స్య చట్టంలోనే నేరం. ఆ నీళ్లే మన గొడ్లు తాగేది.

కొంగలు తింటున్నాయని టపాసులు కాల్చొద్దు. హిందూపురం దగ్గరి వీరాపురం వాళ్లు చింతచెట్ల మీద వాలే ఎర్రకాళ్ల కొంగలను ఇంటి ఆడబిడ్డల్లా చూసుకుంటారు. నాలుగు చేపలు పోతే పోనీ.

వల కొనే ముందు నాకు చూపించు. నాలుగు వేళ్లు కలిపి వల కంట్లో పెడితే సులువుగా దూరాలి.

మీ పెద్దనాయన