హైదరాబాద్‌లో రోడ్డు ప్రమాదాలకు అసలు కారణం అతివేగమేనా? పరిశోధనలు ఏమంటున్నాయి?

అతివేగమేనని లెక్కలు అంటాయి. ఆ లెక్క ఎక్కడ పుడుతుందో కళ్ళారా చూశాను కాబట్టి నేను నమ్మను.

సాగర్ రోడ్డు వైపు మాకు హార్డ్‌వేర్ షాపు ఉంది. ఎదురుగా డివైడర్ కట్టారు. అది మొదలయ్యే చోట రిఫ్లెక్టర్ లేదు, పసుపు-నలుపు పెయింట్ లేదు, పైన లైటు వెలగదు. ఓ రాత్రి షట్టర్ దించుతుంటే ఢామ్మని చప్పుడు. కాలేజీ కుర్రాడు బండితో సహా దాన్ని గుద్దుకుని పడ్డాడు. చెయ్యి విరిగింది. హెల్మెట్ బెల్టు బిగించుకున్నాడు గనక తల దక్కింది. (మనవాళ్ళలో సగం మంది హెల్మెట్ పెట్టుకునేది చలానా కెమెరా కోసం. బెల్టు మాత్రం గాలికి ఊగుతూనే ఉంటుంది.) మేమే ఆటో ఎక్కించి పంపాం.

మర్నాడు కానిస్టేబుల్ వచ్చి "అన్నా, పంచ్ సంతకం పెట్టాలె" అన్నాడు, అంటే పంచనామాలో సాక్షి సంతకం. కాగితం చూస్తే "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి" అని అప్పటికే రాసి ఉంది. టేపు పట్టి కొలిచింది లేదు, బండిని చూసింది లేదు. బండేమో ఇంకా సెకండ్ గేర్‌లోనే ఉంది! సెకండ్ గేర్‌లో ఎంత స్పీడు పోతాడండీ?

ఆయన్ని డివైడర్ దగ్గరికి తీసుకెళ్ళాను. దాని మొన మీద ఎర్ర గీత, కింద నీలం గీత, ఏదో కారు తాలూకు తెల్ల పెయింటు. మట్టిలో పగిలిన ఇండికేటర్ ముక్కలు, పాతవీ కొత్తవీ కలిసిపోయి. వీళ్ళందరిదీ అతివేగమేనా అని అడిగితే నవ్వి, "నువ్వన్నది నిజమే గానీ, డివైడర్ మీద కేసు ఎట్ల పెడతమన్నా?" అన్నాడు.

కేంద్ర రవాణా శాఖ రిపోర్టు ఇలాంటి కాగితాల కూడికే. 2022లో దేశం మొత్తం మీద 1,68,491 మంది పోతే, 70 శాతానికి పైగా చావులు అతివేగం ఖాతాలో పడ్డాయి. వేగం ప్రమాదం కాదని నేననను. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కానీ అందరూ ఆ ఒక్క మొననే ఎందుకు గుద్దుతున్నారో వేగం చెప్పదు. విలియం హాడన్ అనే అమెరికా డాక్టర్ 1970 ప్రాంతంలోనే ఒక పట్టిక గీశాడు. మనిషి, బండి, రోడ్డు: ఈ మూడింటినీ గుద్దుకోకముందు, గుద్దుకున్నప్పుడు, ఆ తర్వాత అని విడివిడిగా చూడమన్నాడు. మన దగ్గర మనిషి దగ్గరే ఆగిపోతారు.

బ్లాక్ స్పాట్ (ప్రమాదాలు ఎక్కువని సర్కారు గుర్తించే చోటు) లెక్క మరీ విచిత్రం. 500 మీటర్ల ముక్కలో మూడేళ్ళలో చావో తీవ్రగాయమో అయిన ప్రమాదాలు 5 జరగాలి, లేదా 10 మంది పోవాలి. అంటే మా డివైడర్‌కు ఇంకా అర్హత రాలేదన్నమాట! అందుకే నాకు మన ట్రిపుల్ ఐటీ వాళ్ళ ఐరాస్టే ప్రాజెక్టు నచ్చింది. ఆర్టీసీ బస్సులకు కెమెరాలు బిగించి, తృటిలో తప్పిన ప్రమాదాలు ఎక్కడెక్కడ ఎక్కువో చూసి, ఎవరూ పోకముందే ఆ చోట్లను పట్టుకోవాలన్నది ఆలోచన. పరిశోధన అంటే అది.

ఇక డివైడర్ మీద కాకపోయినా కట్టినవాళ్ళ మీద కేసు పెట్టొచ్చు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198ఏ సెక్షన్ వచ్చింది. డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా, బాధ్యులైన కాంట్రాక్టర్లకూ అధికార సంస్థలకూ లక్ష రూపాయల దాకా జరిమానా. మా వైపు ఎవరికైనా వేశారని నేను వినలేదు.

చివరికి ఆ మొన ముందు ఎర్ర టేపు చుట్టిన డ్రమ్ము పెట్టింది మేము, పక్కనున్న టైర్ల షాపాయన. ఆ తర్వాత అక్కడ ఎవరూ పడలేదు.

ఇప్పుడు కొత్త తలనొప్పి. షాపు ఎదుట యూటర్న్ మూసేశారు, తర్వాతది ఎక్కడో ఉంది. డెలివరీ కుర్రాళ్ళు, స్కూలు ఆటోలు అందరూ రాంగ్ సైడే. పైగా ఎదురొచ్చే ప్రతి బండికీ కళ్ళు పోయేంత తెల్ల లైటు. రేపెవరికైనా దెబ్బ తగిలితే "రాంగ్ సైడ్ డ్రైవింగ్" అని రాసుకుపోతారు. యూటర్న్ ఎందుకు మూశారని అర్జీ పెట్టాం, ఇంకా జవాబు లేదు.