నాన్నగారి అంబాసిడర్‌కి ఐదో గేరు: ఎఫ్‌డీ తీయాలా, చీటీ పాడాలా?

ఉండి దగ్గర రొయ్యల చెరువు చేసే ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పొడవైన ఉత్తరం కాబట్టి కుదించి ఇస్తున్నాను.

"నాకు 44 ఏళ్లు. మూడెకరాల చెరువు, అందులో రెండెకరాలు లీజు. మంచి పంటకి మూడు, నాలుగు లక్షలు మిగులుతుంది. పోయిన పంట రొయ్యకి తెల్లమచ్చ జబ్బు వచ్చి యాభై రోజులకే పట్టేయాల్సి వచ్చింది. బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. మేత కోసం బంగారం పెట్టి 3 లక్షలు తెచ్చాను. 5 లక్షల చీటీ ఒకటి, 50 నెలలది, నెలకి పది వేలు, 14 నెలలు కట్టాను. అమ్మాయి విశాఖలో బీటెక్ రెండో సంవత్సరం. నాన్నగారి 1978 అంబాసిడర్ మార్క్ 3 ఉంది, నేను బతికుండగా అమ్మను. స్టీరింగ్ పక్కనుండే హ్యాండ్ గేర్ లూజైపోయింది, సెకండ్ పడనంటోంది. హైవే ఎక్కి 70 దాటితే ఇంజిన్ గోల. రాజమండ్రిలో మెకానిక్ ఐదు గేర్ల (ఫైవ్ స్పీడ్) గేర్ డబ్బా వేసి, రాడ్ కిందకి మార్చి ఫ్లోర్ గేర్ చేస్తానన్నాడు, 1,85,000 అడిగాడు. ఇసుజు ఇంజిన్‌తో సహా సెట్ అయితే 3,25,000 అట. పెట్రోలు కూడా కలిసొస్తుందన్నాడు. మా ఆవిడ, చెరువులో పెట్టే డబ్బు కారులో పెడతారా అంటోంది. ఎఫ్‌డీ తీయనా, బంగారం మీద ఇంకాస్త తేనా, చీటీ పాడేయనా?"

అయ్యా, మూడూ వద్దు. కారు మాత్రం అమ్మక్కర్లేదు. ఐదో గేరు కూడా ఎప్పటికీ వద్దని నేను అనను. కాకపోతే మీరు అడిగిన వరస తిరగబడింది. డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది తర్వాత చూద్దాం. ఆ డబ్బుతో మీరు కొంటున్నది ఏమిటో ముందు తేల్చుకోవాలి.

పెట్రోలు మాట ఇప్పుడే తీసేద్దాం. మీ పాత డబ్బాలో నాలుగో గేరు నేరు గేరు, అంటే ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రాలకి బలం తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టూ ఒక చుట్టే తిరుగుతుంది. ఫైవ్ స్పీడ్ డబ్బాల్లో సాధారణంగా నాలుగోది అలాగే ఉంటుంది, ఐదోది దాని మీద ఇంకాస్త పరుగు. నాలుగోలో ఇంజిన్ 3,000 తిరుగుతున్న చోట ఐదోలో 2,500 దగ్గర తిరిగితే చాలు. గోల తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, కొంత పెట్రోలూ తగ్గుతుంది. ఎంత? మీరు ఏడాదికి 4,000 కిలోమీటర్లు తిప్పుతారనుకుందాం. లీటరుకి 9 వస్తుందనుకుంటే 444 లీటర్లు. లీటరు 110 చొప్పున దాదాపు 48,900 రూపాయలు. అందులో సగం హైవే, అక్కడ పది శాతం మిగిలిందనుకోండి. ఏడాదికి 2,444 రూపాయలు. 1,85,000 తిరిగి రావడానికి 75 ఏళ్లు దాటుతుంది. ఆ లెక్క మెకానిక్ చెప్పలేదు, చెప్పడు కూడా.

పైగా ఐదో గేరు మన దారుల్లో ఎక్కడ పడుతుందో చూడండి. ఉండి నుంచి ఆకివీడు వెళ్లినా, కాలవ గట్టు మీద గణపవరం వైపు వెళ్లినా ముందు మేత లారీ, వెనక ఆటో, నలభై యాభై మధ్యే బండి నడుస్తుంది. ఆ స్పీడులో ఐదో గేరు వేస్తే ఇంజిన్ మూలుగుతుంది తప్ప లాగదు. తాడేపల్లిగూడెం దగ్గర 16వ నంబరు హైవే ఎక్కాకే దానికి పని. అంటే మీరు కొంటున్నది పొదుపు కాదు. ఏడాదికి నాలుగైదు సార్లు అమ్మాయి దగ్గరకి వెళ్లే దారిలో కాస్త హాయి. కొనుక్కోవడంలో తప్పేమీ లేదు, నేనూ అలాంటివి కొన్నాను. కానీ హాయిని అప్పు చేసి కొనకూడదు. పోయిన పంట పోయి ఉన్నప్పుడు అసలే కొనకూడదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. 2009లో మా మామగారి ప్రీమియర్ పద్మినీకి హ్యాండ్ గేర్ తీయించి ఫ్లోర్ గేర్ డబ్బా వేయించాను. ఒప్పందం 38,000. డైరీ వెనక పేజీలో లెక్క ఇంకా ఉంది. డబ్బా ఇంజిన్‌కి కూర్చోలేదు, మధ్యలో ప్లేటు కోసం లేత్ పని. డబ్బా పొడవు వేరు, కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ కోసి అతికించి బ్యాలెన్సింగ్ చేయాలి. అది రెండు సార్లు చేయించాం, మొదటిసారి 50 దాటితే సీటు కింద వణికేది. క్లచ్ ప్లేటు పళ్లు కొత్త డబ్బా షాఫ్టుకి పట్టలేదు, ఇంకో ప్లేటు. కింద మౌంటింగ్ పట్టీ కొత్తది. స్పీడోమీటర్ కేబుల్ మార్చాక బండి 48లో పోతుంటే ముల్లు 60 చూపించేది. అన్నీ కలిపి 63,500. బండి పదకొండు వారాలు షెడ్డులో ఉంది. గేర్ రాడ్ కోసం ఫ్లోర్‌లో కోసిన కన్నానికి రబ్బరు సరిగ్గా పట్టక, మొదటి వానకి మా అత్తగారి చీర అంచు తడిసింది. ఆ మాట ఇప్పటికీ ఇంట్లో వస్తుంది. తర్వాత అమ్మకానికి పెడితే వచ్చినాయన తలుపు తీసి కిందకి చూసి మొదటి ప్రశ్న వేశాడు: "పాత హ్యాండ్ గేర్ సామాను ఉందా?" లేదు. ఇనుము కింద అమ్మేశాను. ఆయన అక్కడికక్కడే ధర తగ్గించాడు.

అందుకే, 1,85,000 అన్నప్పుడు మీ బుర్రలో 2,40,000 అని వినపడాలి. ముప్పై శాతం పక్కన పెట్టకుండా పాత బండి పని మొదలుపెట్టకూడదు. మీ ఇంజిన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన 1,489 సీసీ బీ సిరీస్. ఆ ఇంజిన్‌కి ఇంగ్లండులో ఫోర్డ్ సియెర్రా డబ్బా తగిలించే కిట్లు దొరుకుతాయి, ఇంజిన్‌కీ డబ్బాకీ మధ్య ఉండే బెల్ హౌసింగ్‌తో సహా. ఇక్కడికి తెప్పించుకుంటే రవాణా, కస్టమ్స్ సుంకం, జీఎస్‌టీ కలిసి సగం బండి ఖరీదవుతుంది. మన దగ్గర మెకానిక్‌లు వెతికేది కాంటెస్సా నుంచో, 1990లలో వచ్చిన అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్ నుంచో తీసిన ఇసుజు డబ్బా. అది ఇసుజు ఇంజిన్‌కి పుట్టింది, మీ ఇంజిన్‌కి నేరుగా కూర్చోదు. ఖర్చంతా ఆ మధ్యలో పోతుంది. "డబ్బా రేటెంత" అని అడగడం ఆపి, "ప్లేటు, షాఫ్టు, క్లచ్, మౌంటింగ్, కేబుల్, కూలి విడివిడిగా రాసివ్వండి" అని అడగండి. రాసివ్వనంటే అక్కడే మీకు సమాధానం దొరికినట్టు.

3,25,000 సెట్ మాత్రం పూర్తిగా మర్చిపోండి. గేర్ డబ్బా వివరాలు ఆర్‌సీలో ఉండవు. ఇంజిన్ నంబరు, సీసీ ఉంటాయి. ఇంజిన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది, ముందే ఆర్‌టీఓ అనుమతి కావాలి. 2022లో పెట్టిన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ బీమా 1,500 సీసీ లోపు కారుకి 3,416, అది దాటితే 7,897, పైన జీఎస్‌టీ. ఇసుజు ఇంజిన్ అది దాటేస్తుంది. 1,489 మీకు దేవుడిచ్చిన నంబరు, పోగొట్టుకోకండి. డబ్బా ఒక్కటే మార్చినా బీమా కంపెనీకి ఒక ఉత్తరం ముక్క రాసి రసీదు దాచుకోండి. క్లెయిమ్ రోజున అక్కరకొస్తుంది.

ఇంకొకటుంది, చాలామందికి తెలియదు. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కారుని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత 5,000. చాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో మార్పులు చేసిన బండికి కుదరదు. మీ 1978 బండికి 2028లో ఆ అర్హత వస్తుంది. అయితే వింటేజ్ నంబరు పడ్డాక ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప రోజూ తిప్పడానికి వీల్లేదు. విశాఖ ప్రయాణాలు మీకు కావాలి కాబట్టి ఇప్పుడు మీ పని మామూలు రిజిస్ట్రేషన్‌తోనే. ఇరవై ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు 2025లో 10,000 చేశారు, అయిదేళ్లకోసారి. అది మాత్రం కారు ఖర్చులో ముందే రాసుకోండి. రేపు మనసు మారి వింటేజ్ వైపు వెళ్లాలనుకుంటే, ఇంజిన్, ఫ్లోర్ అసలువి ఉండాలి. తలుపు మూసేయకండి.

ఇక డబ్బు. చీటీ పాడితే లక్షా పది వేలు వదులుకోవాలని మీ ఉత్తరంలో, ఇక్కడ నేను కుదించిన చోట, రాశారు. అంటే చేతికి 3,90,000 వస్తుంది, మిగిలిన 36 నెలలూ కడుతూనే ఉండాలి. 1,85,000 పనికి 1,10,000 వదిలితే ఆ ఐదో గేరు మీకు 2,95,000 పడినట్టు. మిగిలిన సొమ్ము బ్యాంకులో వేస్తే కొంత వెనక్కొస్తుంది, కాదనను. కానీ అది బ్యాంకులో ఉంటుందా? మేత డీలరు ఫోన్ చేస్తాడు. ఆ చీటీ 1982 చట్టం కింద రిజిస్టరైనదేనా అని కూడా చూసుకోండి. మన భీమవరం వైపు నమ్మకం మీద నడిచేవి ఎక్కువ, నమ్మకానికి కోర్టులో సాక్ష్యం దొరకదు.

ఎఫ్‌డీని కారుకి ముట్టుకోవద్దు. రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్‌ట్రే ఎత్తితే మేత అలాగే మిగిలిన రోజు మీకు తెలుసు కదా, ఆ రోజుకి దాచింది అది. 2025లో అమెరికా సుంకాలు 50 శాతానికి పెరిగాక రొయ్య రేటు ఎలా ఊగిందో మీరు నాకంటే బాగా చూశారు. అయితే ఒక చిన్న సవరణ. ఎఫ్‌డీ మీద మీకొచ్చే వడ్డీ కంటే బంగారం మీద మీరు కట్టే వడ్డీ ఎక్కువే ఉంటుంది. లక్షన్నర తీసి బంగారం అప్పు సగం చేయండి. మూడు శాతం తేడా ఉన్నా ఏడాదికి 4,500 మిగులుతుంది, మీ ఐదో గేరు ఇచ్చే పెట్రోలు కంటే ఎక్కువ. అవసరం పడితే ఆ బంగారాన్ని గంటలో మళ్లీ పెట్టొచ్చు. కిసాన్ క్రెడిట్ కార్డు ఉంటే దాన్ని చెరువుకే వాడండి. కారు పని అందులోంచి వద్దు.

మరి కారు? ముందు ఒక పదిహేను వేలు ఖర్చు పెట్టండి. నా అనుమానం మీ డబ్బా మీద తక్కువ, స్టీరింగ్ కింద ఉండే లింకుల మీద ఎక్కువ. హ్యాండ్ గేర్‌లో రాడ్లు, బుష్‌లు అరిగితే చేతిలో రాడ్ ఊగుతుంది, సెకండ్ పడదు. డబ్బా పాపం బాగానే ఉంటుంది. పాత అంబాసిడర్ టాక్సీలు చూసిన పెద్ద మెకానిక్‌ని పట్టుకుని బుష్‌లు మార్పించి, క్లచ్ సరిచేయించి, డబ్బా ఆయిల్ తీసి అందులో ఇత్తడి పొడి ఉందేమో చూడమనండి. అప్పుడే బ్రేకులు కూడా. నాలుగు చక్రాలకీ డ్రమ్ములున్న బండిని 90లో పోనివ్వడానికి డబ్బు పెట్టి, దాన్ని ఆపడానికి పెట్టకపోతే ఎలా? అంబాసిడర్లు తయారైన ఉత్తరపర ఫ్యాక్టరీ 2014 మేలో ఆగిపోయింది. పాత నాలుగు గేర్ల డబ్బా ఒకటి చవగ్గా కనపడితే స్పేరుగా కొని పెట్టుకోండి, ఇది మాత్రం ఎఫ్‌డీలోంచి కూడా ఒప్పుకుంటాను.

తర్వాత కారు పేరుతో వేరే పొదుపు ఖాతా తెరవండి. ప్రతి పట్టుబడికి మిగిలిన దాంట్లో పదోవంతు అందులోకి. మంచి పంటకి ముప్పై, నలభై వేలు, పోయిన పంటకి సున్నా. మూడేళ్లకి అమ్మాయి చదువు అయిపోతుంది, చీటీ కూడా తీరుతుంది. ఆ ఖాతాలో తగ్గిన మొత్తం చీటీలోంచి తీసి కలపండి. అప్పటికీ ఐదో గేరు మీద మనసుంటే వేయించండి. మీ ఆవిడకి ఈ లెక్క కాగితం మీద చూపించండి. ఆవిడ అడిగిన ప్రశ్న కరెక్టే, దానికి కాగితమే సమాధానం.

వేయించిన రోజున పాత డబ్బాని, హ్యాండ్ గేర్ రాడ్లతో సహా, ఒక్క బోల్టు కూడా మెకానిక్ దగ్గర వదలకుండా ఇంటికి తెచ్చుకోండి. గ్రీజు పట్టించి గోనెసంచిలో చుట్టండి. చెరువు దగ్గర మేత షెడ్డులో పెట్టకండి, ఆ ఉప్పు గాలికి ఏడాదిలో తుప్పు పడుతుంది. ఇంట్లో మంచం కింద పెట్టండి.